సన్నికల్లు కింద లాప్‌టాప్

లాప్‌టాప్ గచ్చు మీద గిరగిరా తిరుగుతోంది.

మా నాలుగేళ్ల పిల్లవాడు దాన్ని బల్ల మీద నుంచి దించి నేల మీద పెట్టాడు. ఒక మూలను వేలితో తోస్తూ బొంగరంలా తిప్పుతున్నాడు. "అమ్మా, చూడు, ఎంతసేపు తిరుగుతుందో!" అన్నాడు. వాణ్ణి కేకలేయబోయి ఆగాను. పలకలా ఉండాల్సిన వస్తువు అలా ఎందుకు తిరుగుతుంది? అడుగు ఉబ్బిన గిన్నె తిరుగుతుంది, చదునుగా ఉన్న పళ్లెం తిరగదు. వంగి ఒక మూల వేలితో నొక్కాను. ఎదుటి మూల పైకి లేచింది. కింద ఉండే నాలుగు రబ్బరు కాళ్లలో ఒక్కటీ నేలకి ఆనడం లేదు. మధ్యలో పొట్టలా ఉబ్బింది. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది.

నాకు భయమంటే ఏమిటో తెలిసింది ఆ క్షణంలోనే. అంతకుముందు పది రోజులుగా నాకున్నది అనుమానం మాత్రమే. దాన్ని నేనే పక్కకి తోస్తూ వచ్చాను.

అది శ్రావణమాసం. నాలుగు రోజులుగా ముసురు పట్టి బడికి సెలవిచ్చారు. మధ్యాహ్నం నాలుగవుతోంది. ఎనిమిదేళ్ల మా అమ్మాయి కిటికీ దగ్గర బొమ్మలకి రంగులు వేస్తోంది. మావగారు వెనక వసారాలో పుస్తకాలు సర్దుకుంటున్నారు. మా ఆయన వశిష్ఠ గోదావరి అవతల నరసాపురం కాలేజీలో పాఠాలు చెబుతారు, అక్కడ సెలవివ్వలేదు. రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు అనే పెద్ద పడవ ఎక్కి ఏరు దాటి వెళ్లి, సాయంత్రం మళ్లీ పంటు మీదే వస్తారు. రాజోలుకి కాస్త దూరంలో మా ఊరు. అత్తగారు పోయి మూడేళ్లయింది.

ఆ మర్నాడు పదింటికి నాకు పరీక్ష ఉంది. హైదరాబాద్‌లోని ఒక ఆఫీసు ఇంటి నుంచే చేసుకునే పని ఇచ్చింది. పిల్లల పాఠాల రికార్డింగులు విని, తప్పులు గుర్తించి రాసి పంపాలి. మూడు వారాలు చేయించుకుని చూశారు. ఆఖరి పరీక్షలో నెగ్గితే పని ఖాయం. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నా పేరు మీద వచ్చిన మొదటి పని అది. సొంత లాప్‌టాప్ ఉండాలన్నది వాళ్ల ఒకే ఒక్క షరతు.

అందుకే కొన్నాం. కొన్నాం అనడం న్యాయం కాదు, నేను కొన్నాను. మా ఆయన ఇంకో రెండు నెలలు ఆగి కొత్తది తీసుకుందామన్నారు. నేను ఆగనన్నాను. నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివాను కాబట్టి ఈ విషయంలో ఇంట్లో నా మాటకి ఎదురులేదు. నెల రోజులు వీడియోలు చూసి ఒక నోటు పుస్తకం నింపాను. ప్రాసెసర్ ఏ తరానిది, ర్యామ్ ఎంత, తర్వాత పెంచుకోవచ్చా, పాతరకం డిస్కా కొత్తరకమా, తెర వెడల్పు ఎంత, చెవులకి పెట్టుకునేవి గుచ్చుకోవడానికి రంధ్రం ఉందా లేదా, అన్నీ రాసుకున్నాను. మా కాలేజీ లాబ్‌లో ఉన్నవి గోడకి వైర్లతో కట్టేసిన పెద్ద పెట్టెలు. మా సిలబస్‌లో కంప్యూటర్‌కి వేడి లేదు, వయసు లేదు. నా నోటు పుస్తకంలో కూడా లేవు.

అమలాపురంలో ఒకరు వాడి అమ్మేసినవి బాగుచేసి అమ్మే కొట్టులో కొన్నాను. నా జాబితా చూసి కొట్టాయన ముచ్చటపడిపోయాడు. అడగకుండా ఉండలేదు, అడిగాను.

"బ్యాటరీ సంగతేంటండీ?"

"ఆయ్, బ్యాటరీకేవండి, కొత్తదేసేం. ఇంత వివరంగా రాసుకొచ్చేరు, మీలాంటి చదువుకున్నవారికి మేం చెప్పేదేవుందండి!"

ఆ మాటతో నేను ఆగిపోయాను. ఏ కంపెనీది వేశారు, ఎప్పుడు వేశారు, బిల్లు మీద రాసిస్తారా అని అడగాలి. కరెంటు తీగ పీకేసి ఒక గంట నడిపి చూపించమనాలి. చదువుకున్నదాన్ని కదా, ఇంకా అడిగితే తెలియదనుకుంటాడేమోనని నోరు మూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కొట్టాయన మీద కంటే ఆ పొగడ్తకి కరిగిపోయిన నా మీదే ఎక్కువ కోపం వస్తుంది.

పది రోజుల కిందట మొదట వేలితో నొక్కే పలక బిగుసుకుంది, క్లిక్కు పడటం మానేసింది. తర్వాత మూత పూర్తిగా మూతపడటం లేదు. అమ్మాయే చూసింది.

"అమ్మా, దీని నోరు మూసుకోవట్లేదేంటి?"

"చెమ్మకి ఉబ్బిందిలే," అన్నాను.

మా వైపు ఆ జవాబుకి ఎవరూ ఎదురు చెప్పరు. వానాకాలం వస్తే తలుపులు ఉబ్బి గడప దగ్గర పట్టేస్తాయి. బీరువా సొరుగు కాలితో తన్నితే గానీ రాదు. అప్పడాలు మెత్తబడతాయి, ఉప్పు నీరుకారుతుంది. మావగారి పుస్తకాలు పొంగి, రెండు వేళ్ల మందం ఉన్నవి నాలుగు వేళ్లవుతాయి. అన్నిటికీ చెమ్మే కారణం, దీనికీ చెమ్మే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. దగ్గరికి వెళితే మాగిన పండులాంటి తీపి వాసన కూడా వచ్చేది. పక్క గదిలో చక్కెరకేళి గెల వేలాడదీసి ఉంది. ఆ వాసనే అనుకున్నాను. ఫోన్‌లో ఒక్కసారి వెతికితే తెలిసిపోయేది. వెతకలేదు. ఏం తెలుస్తుందోనని భయం. పరీక్ష అయ్యేదాకా అది నడిస్తే చాలనుకున్నాను.

ఆ మధ్యాహ్నం మాత్రం ఇంక పక్కకి తోయడానికి వీల్లేకపోయింది. దాన్ని ఆపేశాను. తీగ పీకి పిల్లలకి అందని గూట్లో పెట్టాను. "ఇద్దరూ దీని దగ్గరికి వెళ్లకండి" అని చెప్పి ఫోన్ పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. మా ఇంట్లో సిగ్నల్ దొరికేది పెరట్లో నూతి దగ్గరే. మా ఆయన ఫోన్ ఎత్తలేదు, క్లాసులో ఉంటారు. రాజోలు సెంటర్లో ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే ఆయనకి చేశాను.

"ఆయ్, చెప్పండి మేడంగారండి."

చెప్పాను.

"అడుగు పొంగిందాండి? మూత కూడా లేచిందా? ఏదైనా వాసనొస్తందా?"

"తియ్యగా... పండు వాసనలా."

"సరే. ఇప్పుడు నేను చెప్పేది వినండి. చార్జింగ్ పెట్టొద్దు. ఆన్ చెయ్యొద్దు. ఉబ్బింది కదాని నొక్కొద్దండి, దాని మీద ఏ బరువూ పెట్టొద్దు. పిన్నుతో గానీ స్క్రూడ్రైవర్తో గానీ పొడవొద్దు. పిల్లలున్న చోట ఉంచొద్దు. ఇసక ఉందాండి మీ దగ్గర?"

"ప్రహరీ గోడకి తోలించింది ఉంది."

"దాని మీద పెట్టండి. చుట్టూ మండేవేవీ లేకండా చూసుకోండి. నేనొస్తన్నాను."

అంత విన్నాక కూడా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "రేపు పదింటికి పరీక్షుందండీ. ఒక్క పూట నడవదా?"

"మేడంగారండి," అన్నాడాయన, నవ్వకుండానే. "అదిప్పుడు కంప్యూటర్ కాదండి, వత్తి ఏ వేపుందో తెలియని టపాకాయ."

ఫోన్ పెట్టేసి వంటింటి గుమ్మంలోంచి లోపలికి వచ్చాను. గూడు ఖాళీగా ఉంది.

కిటికీ దగ్గర అమ్మాయి తల ఎత్తకుండా రంగులు వేస్తోంది.

"ఇక్కడ పెట్టింది ఏదే?"

"తాతగారు పట్టికెళ్లేరు. బాగుచేస్తానన్నారు."

"తమ్ముడేడీ?"

"వాడూ వెళ్లేడు. వాణ్ణి రమ్మన్నారు."

హాలు దాటి వసారా దాకా పన్నెండు అడుగులుంటాయి. నాకు కాళ్లు కదిలిన గుర్తు లేదు. వసారా గుమ్మంలో ఆగిపోయాను.

కింద ఒక పీట. దాని మీద లాప్‌టాప్. దాని మీద ఇంకో పీట. ఆ పీట మీద అత్తగారు పప్పు నూరుకునే సన్నికల్లు. సన్నికల్లు మీద మా పిల్లవాడు బాసింపట్టు వేసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టి, కదలకుండా కూర్చున్నాడు. పక్కనే మావగారు చాప మీద కూర్చుని వాడి వీపు మీద చెయ్యి వేసి ఉన్నారు. వెనక గోడ వారన నడుము ఎత్తున పొయ్యిలోకి దాచిన ఎండు కొబ్బరి పీచు డొక్కల గుట్ట.

ఆ ఇంట్లో అది పాత అలవాటు. మావగారిది వేదం చెప్పిన ఇల్లు. తాతల నాటి పుస్తకాలు వానాకాలంలో పొంగితే, ఆరబెట్టి, రెండు పీటల మధ్య పెట్టి, పైన సన్నికల్లు పెడతారు. బరువు చాలకపోతే చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి కదలకుండా ఉంటే శ్లోకం చెబుతామంటారు. మా ఆయనా చిన్నప్పుడు అలా కూర్చున్నవారే. బరువుకి బరువు, చదువుకి చదువు.

"అమ్మా, నేనే బరువు!" అన్నాడు పిల్లవాడు గర్వంగా.

గొంతు దాకా వచ్చిన కేకని మింగాను. కేక వేస్తే వాడు గెంతుతాడు. గెంతితే ఆ రాయి కదులుతుంది.

"అవును నాన్నా, నువ్వే బరువు. అలాగే ఉండు. కదలకు. అమ్మ వస్తోంది," అన్నాను. వెనక నుంచి వెళ్లి, వాడి చంకల కింద చేతులు వేసి, నిట్టనిలువుగా పైకి ఎత్తాను. వాడి కాలి మడమ రాతికి తగలకుండా చూసుకున్నాను. ఎత్తి చంకలో వేసుకున్నాక గానీ ఊపిరి వదల్లేదు.

"ఇంకా పొంగు దిగలేదమ్మా. పావుగంట ఉంచితే అణిగిపోతుంది," అన్నారు మావగారు.

"లేవండి! పిల్లల్ని తీసుకుని వీధిలోకి వెళ్లిపోండి! వెళ్లండి!"

తొమ్మిదేళ్లలో ఆయన ముందు నేను గొంతు ఎత్తలేదు. ఆయన నా మొహం చూశారు. పిల్లవాణ్ణి అందుకుని, దారిలో అమ్మాయి చెయ్యి పట్టుకుని, ముందు గుమ్మంలోంచి వానలోకి దిగిపోయారు.

సన్నికల్లు ఎత్తాలి. ముసురుకి దాని అంచులు చెమర్చి జారుతున్నాయి. పైట చెంగుతో తుడిచి వేళ్లు సందులోకి పోనిచ్చాను. ఒకవైపు లేపితే రెండోవైపు అంచు మీద బరువంతా పడుతుంది. నిలువుగా ఎత్తాలి. ఎత్తాను. నడుములో ఏదో పట్టేసింది. రాయిని పక్కన చాప మీద దించుతుంటే పీటల మధ్య నుంచి టిక్కుమని చిన్న చప్పుడు వచ్చింది. పైపీట తీశాను. పండు వాసన గుప్పుమంది. ఈసారి దాన్ని పండు వాసన అనుకోవడానికి వీల్లేకపోయింది. గోళ్లరంగు తుడిచే మందు వాసన అది.

కిందపీటతో సహా, పళ్లెం పట్టుకున్నట్టు, దాన్ని ఎత్తి పెరట్లోకి నడిచాను. ఇసుక గుట్ట దాకా ముప్పై అడుగులు. దారంతా రాలిన ఆకులు, మట్టలు, పీచు. వాన పడుతోంది, పాదాలు జారుతున్నాయి. పరిగెత్తకూడదు. గుట్ట మీద గుంట చేసి అందులోకి జార్చి, తాపీవాళ్లు వదిలేసి వెళ్లిన ఇనప గమేళా వాన పడకుండా దాని మీద బోర్లించాను. గాలి ఆడేలా దాని అంచు ఒక చోట ఇటుక మీద ఎత్తిపెట్టి వెనక్కి వెనక్కి నడిచి వచ్చేశాను.

వీధి అరుగు మీద పిల్లలిద్దర్నీ చెరో పక్కన కూర్చోబెట్టుకున్నాను. అక్కడి నుంచి సందులోంచి ఆ గమేళా కనిపిస్తుంది. చూస్తూ కూర్చున్నాం. ఆ ఇంటిని నేను అంతవరకూ అలా చూడలేదు. వసారాలో డొక్కలు, అటక మీద కొబ్బరి పీచు తాళ్లు, దూలాలు, దేవుడి గదిలో కర్పూరం, నెయ్యి, వంటింట్లో కొబ్బరి నూనె డబ్బా, బీరువా నిండా వందేళ్ల కాగితం. ఇల్లంతా పొయ్యిలోకి పేర్చినట్టే ఉంది. నిన్న రాత్రి కూడా ఆ లాప్‌టాప్‌ని చార్జింగ్‌లో పెట్టి, పిల్లలు పడుకున్న మంచం కిందకి తోశాను, వాళ్ల కాళ్లకి తగలకుండా ఉంటుందని.

మావగారు కాస్త దూరంగా స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. ఏమైందో చెప్పాను. ఆయన మెల్లగా అన్నారు.

"నాకు తెలీదమ్మా. నువ్వు చెమ్మన్నావని పిల్ల చెప్పింది. చెమ్మకైతే నాకు తెలిసిన వైద్యం అదే."

కోపం ఉంటే బాగుండేది. ఆయన మాటలో కోపం లేదు. పిల్లవాణ్ణి ఆ రాయి మీద కూర్చోబెట్టింది ఆయన చేతులు. కూర్చోబెట్టించింది నా మాట.

"మీ మీద కేకలేశాను మావగారూ."

"వేసి మంచిపని చేసేవు," అని తల తిప్పుకున్నారు.

రాజోలు నుంచి బాగుచేసే ఆయన వచ్చేసరికి గంట పట్టింది. చేతులకి తొడుగులు వేసుకుని, మమ్మల్ని దూరంగా ఉండమని, గమేళా తీసి అక్కడే ఇసుకలో కూర్చుని అడుగు మూత విప్పాడు. స్క్రూ వదిలినప్పుడల్లా మూత దానంతటదే లేస్తోంది. లోపల ఉన్న బ్యాటరీ నూనెలో పడ్డ పూరీలా ఉంది. ఒక మూలన పీట అంచు పడ్డ చోట లోతుగా నొక్కు పడింది.

"ఇది కొత్తదేం కాదండి. పాతదాని మీద కొత్త చీటీ అంటించేరు," అన్నాడు. ఆ నొక్కుని చూసి, "ఇక్కడ ఇంకాస్త బరువు పడుంటే..." అని ఆగిపోయాడు. పిల్లవాడు అరుగు మీద నుంచి అరిచాడు, "నేనే కూర్చున్నాను!" అని. ఆయన వాడివైపు చూసి, మళ్లీ నావైపు చూసి, బ్యాటరీ తీగలు మెల్లగా విడదీశాడు.

బ్యాటరీని ఇసుక నింపిన పాత ఇనప డబ్బాలో పెట్టి తీసుకెళ్లాడు. వెళ్లేముందు ఒక మాట చెప్పాడు. "ఈసారి కొనేప్పుడు ముందు కొట్లో బల్ల మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఊగితే అక్కడే వదిలేసి వచ్చేయండి. మిగతావన్నీ ఆ తర్వాతండి." నేను నెల రోజులు రాసుకున్న నోటు పుస్తకంలో లేని ముక్క అది. చేత్తో చేసే పరీక్ష, మా నాలుగేళ్లవాడు ఆడుకుంటూ చేసిన పరీక్ష.

మా ఆయన పంటు దిగి వచ్చేసరికి చీకటి పడింది. అంతా చెప్పాను. చార్జింగ్‌లో పెట్టి మంచం కింద తోసిన సంగతి కూడా చెప్పాను. ఆయన పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని వాడి కాళ్లు రెండూ తడిమి చూశారు, ఏదో విరిగిందేమో అన్నట్టు.

"ర్యామ్ ఎంతో అడిగేవు, తెర ఎంతో అడిగేవు. పది రోజులు నన్నొక్క మాటడగలేదేం?"

"మీరు ఆగమన్నారుగా. ఆగాల్సిందనిపించుకోవడం ఇష్టం లేక."

"అనేవాణ్ణే," అన్నారాయన. "అని ఊరుకునేవాణ్ణి. అంతేగా."

ఆ రాత్రి ఆఫీసుకి ఫోన్ నుంచే మెయిల్ రాశాను. కారణం ఉన్నదున్నట్టు రాసి వారం గడువు అడిగాను. పరీక్ష మళ్లీ నెలకి పెట్టారు, పని దొరికింది. ఇది రాస్తున్నది ఆ తర్వాత కొన్న లాప్‌టాప్ మీదే. కొత్తదే, బిల్లూ వారంటీ కాగితమూ మావగారి బీరువాలో ఉన్నాయి. బాగుచేసేవాళ్లు రాజోల్లో ఉన్నారో లేరో కనుక్కున్నాకే కొన్నాను. అయినా రోజూ పిల్లలు పడుకున్నాక దాన్ని గచ్చు మీద పెట్టి, నాలుగు మూలలూ నొక్కి చూసి గానీ పని మొదలుపెట్టను. ఇది జాగ్రత్తో, ఇంకా పోని భయమో నాకు తెలియదు.

ఆ గొడవ జరిగిన మర్నాడు పొద్దున్న వాన తెరిపిచ్చింది. పిల్లలిద్దరూ వంటింటి గుమ్మంలో కూర్చుని ఇడ్లీ తింటున్నారు. మావగారు వసారాలో సన్నికల్లు కడిగి, గోడకి చేరేసి పెడుతున్నారు.

"అమ్మా, కంప్యూటర్ చెమ్మ తగ్గిందా?" అంది అమ్మాయి.

నేను పొయ్యి కట్టేసి వాళ్ల ముందు నేల మీద కూర్చున్నాను.

"అది చెమ్మ కాదమ్మా. నువ్వు అడిగిన రోజు అదేమిటో నాకు తెలీదు. తెలీదని చెప్పకుండా చెమ్మన్నాను. నువ్వు నమ్మి తాతగారికి చెప్పేవు, తాతగారు నమ్మి తమ్ముణ్ణి కూర్చోబెట్టేరు. తప్పు తాతగారిది కాదు, నీది కాదు, నాది."

"నేను బరువు సరిగ్గా కూర్చోలేదా?" అన్నాడు పిల్లవాడు.

"చాలా బాగా కూర్చున్నావు నాన్నా. కదలకుండా కూర్చున్నావు. ఇంక ఎవరు చెప్పినా పుస్తకాల మీదే కూర్చో, వేరే దేని మీదా కూర్చోకు." తర్వాత అమ్మాయి వైపు తిరిగాను. "ఏదైనా మారినట్టు కనిపిస్తే నువ్వు నన్ను అడుగుతూనే ఉండు. నేను చెప్పింది నమ్మబుద్ధి కాకపోతే మళ్లీ అడుగు. విసుక్కున్నా సరే, అడుగు. నాకు తెలియకపోతే ఇంక తెలీదనే చెబుతాను."